ఆగస్టులో లక్నవరం, బొగత: పెద్దవాళ్ళతో, పిల్లలతో కారులో వెళ్ళేవారికి నా సమాధానం

తమ్ముడు అడిగింది ముందు చెప్తాను. కరీంనగర్ నుంచి సొంత చిన్న కారులో ఆగస్టు రెండో వారంలో లక్నవరం చెరువు, బొగత జలపాతం చూసి రావాలనుకుంటున్నారు. కారులో భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న 66 ఏళ్ళ అమ్మ. నాలుగు రోజులుగా ముసురు పట్టింది. వెళ్ళొచ్చా, ఒక్క రోజులో రెండూ చూడొచ్చా, కారుకు ఏమైనా అవుతుందా అన్నది ప్రశ్న.

నేను హన్మకొండలో ఉంటాను. 18 ఏళ్ళుగా టూరిస్టు కారు నడుపుతున్నాను. వానాకాలం కిరాయిల్లో సగానికి పైగా ములుగు దారిలోనే ఉంటాయి. కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాను.

వెళ్ళొచ్చు. ఆగస్టులో ఆ అడవి ఉన్నంత అందంగా ఏడాదిలో ఇంకెప్పుడూ ఉండదు. కానీ ఒక్క రోజులో రెండూ పెట్టుకోకండి. లక్నవరం ఖాయం చేసుకోండి, బొగతను మాత్రం ఆ రోజు పొద్దున నిర్ణయించుకునేలా వదిలేయండి. ఇంట్లో పిల్లలకు కూడా ముందే అలాగే చెప్పండి. "జలపాతం చూపిస్తా" అని మాట ఇచ్చి బయల్దేరిన తండ్రి, వాగు దగ్గర వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడు తిరగలేడు. వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే "ఇంత దూరం వచ్చాం కదా" అంటూ నీళ్ళలోకి కారు దింపిన వాళ్ళను నా కళ్ళతో చూశాను.

దూరం లెక్క చూడండి. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ మీదుగా హన్మకొండకు సుమారు 70 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి ములుగుకు 50. లక్నవరం దాకా అయితే 75 వరకు వస్తుంది. బొగతకు హన్మకొండ నుంచే 135 దాకా ఉంటుంది. అంటే మీ ఇంటి నుంచి బొగతకు పోను 200 పైన, రాను అంతే. ఎండాకాలం ఒక్కడే నడుపుకుంటూ పోతే అవుతుందేమో. వానలో, ఇసుక లారీల మధ్య, మోకాళ్ళ నొప్పులున్న అమ్మను పెట్టుకుని చేస్తే చివరి 100 కిలోమీటర్లు చీకట్లో, అలసటతో నడుపుతారు. ప్రమాదాలు ఎక్కువ జరిగేది అక్కడే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది ఫోన్‌లో తాము వెళ్ళే ఊరి వాతావరణం చూసుకుని "రేపు వాన లేదట" అని బయల్దేరతారు. ఈ దారిలో అది సరిపోదు. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నప్పుడు కూడా వాగు పొంగవచ్చు, ఎందుకంటే అది నిన్న రాత్రి ఎగువన కొండల్లో పడిన వాన. మన దగ్గరికి వచ్చేసరికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే నేను ఈ కాలంలో ఎవరైనా కిరాయి అడిగితే ముందు రెండు రోజుల వాన ఎంత, ఎక్కడ పడింది అని చూస్తాను. రేపటి వాన ఆ తర్వాత.

ఈ ప్రాంతం తీరే అంత. కాకతీయులు 13వ శతాబ్దంలో ఇక్కడే ఎందుకు చెరువులు కట్టారంటే, చుట్టూ గుట్టలు, వాటి మధ్య నుంచి దిగే వాగులు, మధ్యలో ఒక సందు ఉంటుంది. ఆ సందుకు కట్ట పోస్తే చాలు, గుట్టలే మిగతా మూడు వైపులా గోడలు. లక్నవరం, రామప్ప, పాకాల అన్నీ అలా పుట్టినవే. చుట్టుపక్కల కురిసిన ప్రతి చుక్కా చెరువులోకి దారి వెతుక్కుంటుంది. నిండాక మత్తడి దుంకుతుంది, అంటే ఎక్కువైన నీళ్ళు అలుగు మీద నుంచి పొర్లిపోతాయి. అది చూడ్డానికి ఎంత బాగుంటుందో, దాని కింద ఉన్న దారులకు అంత ఇబ్బంది. చెరువుకు నీళ్ళు తెచ్చే వాగులు, చెరువు నుంచి నీళ్ళు తీసుకుపోయే వాగులు రెండూ మనం వెళ్ళే రోడ్లనే దాటుతాయి.

2023 జూలై 27న ఏం జరిగిందో ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేరు. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అప్పటిదాకా ఒక్క రోజులో నమోదైన వానల్లో అదే ఎక్కువ. రామప్ప గుడి ఉన్నది కూడా ఆ మండలంలోనే. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం దగ్గర కొండాయిలో ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగి జనం ఇళ్ళ కప్పుల మీద, చెట్ల మీద గంటలు గంటలు కూర్చున్నారు, వాళ్ళను హెలికాప్టర్లతో, పడవలతో తీసుకొచ్చారు. వాళ్ళు ఆ వాగుల పక్కనే పుట్టి పెరిగిన మనుషులు. వాళ్ళకే అంచనా అందలేదు. వారాంతం చూసిపోయే మనకు అందుతుందనుకోవడం తప్పు.

అలాగని భయపడి ఇంట్లో కూర్చోమనడం లేదు. అలాంటి రోజులు ఏడాదిలో కొన్నే ఉంటాయి, అవి ముందే తెలుస్తాయి. వాతావరణ శాఖ జిల్లాల వారీగా రంగుల హెచ్చరికలు ఇస్తుంది. ములుగుకో, భూపాలపల్లికో ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే ఆలోచించకుండా మానేయండి. ఎల్లో అంటే ఒకటి రెండు చోట్ల 6.5 నుంచి 11.5 సెంటీమీటర్ల దాకా పడే అవకాశం ఉందని. అప్పుడు లక్నవరం దాకా వెళ్ళొచ్చు, బొగత వద్దు. ఇంకొకటి, భద్రాచలం దగ్గర గోదావరి మట్టం. అక్కడ 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. మొదటి హెచ్చరిక ఇచ్చారని వార్తల్లో విన్నా సరే, బొగత ఆలోచన పక్కన పెట్టేయండి. భద్రాచలానికీ బొగతకూ సంబంధం ఏమిటంటారేమో. గోదావరి నిండుగా పోతున్నప్పుడు దానిలో కలవాల్సిన చిన్న వాగులు కలవలేక ఎదురు తంతాయి. వాజేడు మండలంలో రోడ్లు మునిగేది ఎక్కువగా అలాగే, అక్కడ చుక్క వాన లేకపోయినా. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆ తీరం ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు.

దారి సంగతి. హన్మకొండ నుంచి ఏటూరునాగారం దాకా జాతీయ రహదారి, 163 నంబరు. ఆత్మకూరు, ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి వరుసగా వస్తాయి. ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర గోదావరి మీద పెద్ద వంతెన ఉంది, దాటితే వాజేడు మండలం. ఆ వంతెన లేనప్పుడు కారులో బొగత పోవాలంటే భద్రాచలం చుట్టూ తిరగాల్సి వచ్చేది. వంతెన మీద బండి ఆపి ఫొటోలు దిగొద్దు, ఇసుక లారీలు వెనక నుంచి వస్తుంటాయి. ఈ దారిలో మీరు కనిపెట్టుకోవాల్సిన చోటు పస్రా, తాడ్వాయిల మధ్య. గుండ్లవాగు, జలగలంచ అక్కడే ఉన్నాయి. పెద్ద వానలకు రోడ్డు తెగేది, రాకపోకలు ఆగేది ముందుగా అక్కడే. పొద్దున బయల్దేరే ముందు పస్రాలో ఏదైనా హోటల్లో టీ తాగుతూ "తాడ్వాయి బండ్లు వస్తున్నాయా" అని అడగండి. ఎదురుగా వచ్చిన ఆర్టీసీ డ్రైవర్‌ను అడిగినా చెప్తాడు. ఫోన్‌లో మ్యాప్ కంటే ఆ మాట నమ్మదగ్గది.

మ్యాప్ గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. కరీంనగర్ నుంచి మీకు అది కొన్నిసార్లు హన్మకొండ రాకుండా జమ్మికుంట, పరకాల వైపు ఊళ్ళ మధ్య నుంచి దగ్గరి దారి చూపిస్తుంది. పది, ఇరవై కిలోమీటర్లు తగ్గుతాయి. వానాకాలంలో ఆ తగ్గేది వద్దు. ఊళ్ళ దారుల్లో వాగుల మీద లోలెవల్ వంతెనలుంటాయి, నీళ్ళు పైనుంచి పోతాయి. మ్యాప్‌కు రోడ్డు తెలుసు గానీ దాని మీద నీళ్ళున్నాయో లేవో తెలియదు.

ఇది నేను చదువుకుని చెప్తున్నది కాదు. పదకొండేళ్ళ కింద ఇలాంటి ఆగస్టులోనే ఒక కుటుంబాన్ని లక్నవరం తీసుకెళ్ళాను. సాయంత్రం తిరిగి వస్తుంటే పెద్ద రోడ్డు మీద లారీ అడ్డం పడి బండ్లు ఆగిపోయాయి. పెద్దాయనకు రాత్రి రైలుంది. నేను ఊళ్ళ దారి పట్టాను. ఒక లోలెవల్ వంతెన మీద నీళ్ళు పారుతున్నాయి. నా ముందు ఇసుక లారీ అవతలికి వెళ్ళింది. దాని టైర్లకు సగం కూడా రాలేదు కదా అని దాని వెనకే దించాను. సగం దూరంలో ఇంజిన్ ఆగింది. మళ్ళీ సెల్ఫ్ కొట్టాను, అది రెండో తప్పు. తలుపుల కింద నుంచి నీళ్ళు లోపలికి వచ్చి పిల్లల చెప్పులు తేలాయి. కారు వెనక భాగం కొంచెం కొంచెంగా కుడి పక్కకు, వాగు కిందికి జరుగుతున్నట్టు నాకు స్టీరింగ్‌లో తెలిసింది. ఆ పెద్దమ్మ కళ్ళు మూసుకుని సమ్మక్క తల్లికి మొక్కుతోంది. అవతలి గట్టున నాట్లు వేసి ట్రాక్టర్ మీద ఇంటికి పోతున్న రైతులు చూసి ఆగారు. ఇద్దరు నడుములకు మోకు కట్టుకుని వచ్చి, కారు ముందు కొక్కేనికి తగిలించి లాగారు. గట్టెక్కాక అందులో ముసలాయన ఒక్క మాట అన్నాడు: "లారీ బరువెంత, నీ కారు బరువెంత బిడ్డా?"

నేను ఇచ్చిన డబ్బు వాళ్ళు తీసుకోలేదు. ఇంజిన్ లోపలికి నీళ్ళు పోయి రాడ్డు వంగింది, రెండు నెలల సంపాదన దానికే పోయింది. అది పెద్ద విషయం కాదు. ఐదుగురు మనుషులు నన్ను నమ్మి నా కారెక్కారు. ఆ రాత్రి నుంచి ఒకే నియమం పెట్టుకున్నాను. రోడ్డు మీద పారుతున్న నీళ్ళలో నుంచి కింద తారు కనిపించకపోతే కారు దిగదు. ఎవరు తొందరపెట్టినా, ఎంత అరిచినా దిగదు.

ఆ ముసలాయన మాటలో ఉన్న లెక్క ఇది. కారు అడుగు భాగం నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. నీళ్ళు అక్కడికి చేరగానే కారును కింద నుంచి పైకి ఎత్తడం మొదలుపెడతాయి, పడవను ఎత్తినట్టే. చిన్న కారుకు అడుగు ఎత్తు పారే నీళ్ళు చాలు, టైర్లు పట్టు వదిలేస్తాయి. రెండడుగులైతే పెద్ద కార్లు కూడా ఆగవు. మనిషి సంగతి ఇంకా సులువు, అర అడుగు నీళ్ళు వేగంగా పారితే నిలబడ్డ మనిషి కాళ్ళు లేచిపోతాయి. అందుకని "నేను దిగి నడిచి లోతు చూసి వస్తా" అనే పని కూడా చేయకండి. నీటి కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే పై నుంచి కనిపించదు. ఎప్పుడైనా నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు. నీళ్ళు పెరుగుతుంటే కారును వదిలేసి, పిల్లలను ఎత్తుకుని, వచ్చిన వైపే గట్టు మీదికి పోవాలి. తలుపు తెరుచుకోకపోతే కిటికీ నుంచి రావాలి. అందుకే కిటికీ అద్దాలు ముందే దించేయాలి, కరెంటు పోతే అవి దిగవు.

కారు తయారీ మీద తక్కువే చెప్తాను. టైర్ల గ్రిప్ చూపించుకోండి. 1.6 మిల్లీమీటర్లు చట్టం చెప్పే కనీసం, కానీ వానకు అంతకు రెట్టింపు ఉంటేనే నాకు ధైర్యం. వైపర్ రబ్బర్లు ఎండాకాలంలో ఎండి గట్టిపడి ఉంటాయి, కొత్తవి వేయించండి, పెద్ద ఖర్చు కాదు. లోపల అద్దానికి ఆవిరి పడితే చేత్తో తుడవకుండా ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి. వాన దంచుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడపవద్దు, మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్ళకు తెలియదు. హెడ్‌లైట్ డిమ్‌లో పెడితే చాలు. పెట్రోల్ ములుగులో నింపుకోండి. తాడ్వాయి అడవిలో సిగ్నల్ కొన్నిచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

రోడ్డు మీద పశువులు. వానాకాలం చుట్టూ నేలంతా తడిగా, బురదగా ఉంటుంది కాబట్టి అవి పొడిగా ఉన్న తారు మీదికి వచ్చి పడుకుంటాయి. పొద్దు గూకాక నల్లటి గేదె నల్లటి రోడ్డు మీద పది గజాల దాకా వచ్చేదాకా కనిపించదు. తాడ్వాయి దాటాక కోతులుంటాయి. పిల్లలు బిస్కెట్లు విసురుతామంటారు, విసరనివ్వకండి. అలా అలవాటు పడే అవి రోడ్డు మీద కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి.

నేనైతే మీ కుటుంబాన్ని ఇలా తీసుకెళ్తాను. శనివారం ఆరింటికి కరీంనగర్‌లో బయల్దేరి ఎనిమిదికి హన్మకొండలో టిఫిన్. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి దగ్గర ఆగాలి. ఈ దారిలో పోయే ప్రతి డ్రైవరూ ఆగుతాడు, మేడారం పోయేవాళ్ళు అయితే ఆమెకు మొక్కకుండా ముందుకు పోరు. అమ్మ కాళ్ళు చాపుకోవడానికి కూడా సరిగ్గా సమయానికి వస్తుంది. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట, రామప్ప గుడి. పదింటికల్లా చేరతారు.

రామప్పను దారిలో ఉందని అరగంటలో చూసి పోకండి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. వాన పడి వెలిసిన తర్వాత ఆ ఎర్రటి ఇసుకరాయి రంగు ముదురుతుంది, లోపలి నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. మీ పాపకు శిఖరం చూపించి ఒక విషయం చెప్పండి: పైన వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలిక, కింద పునాదిలో ఇసుక పెట్టి కట్టారు. తొమ్మిదేళ్ళ పిల్లలకు అది కథ కంటే బాగా ఎక్కుతుంది. వాన పడితే మండపంలో కూర్చోవచ్చు, అమ్మకూ ఇబ్బంది లేదు. చెప్పులు వదిలాక తడి రాళ్ళ మీద మాత్రం ఆమె చేయి పట్టుకోండి. రామప్ప చెరువు పక్కనే ఉంది, కట్ట మీదికి వెళ్ళి చూడండి.

భోజనం ఇంటి నుంచి తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం, సర్వపిండి అయితే రెండు పూటలా ఆగుతాయి. దారిలో కాల్చిన మక్క కంకులు దొరుకుతాయి, అవి తినాల్సిందే. కోసి పెట్టిన పండ్లు, బోరు నీళ్ళు పిల్లలకు వద్దు, ఈ కాలంలో కడుపు చెడేది వాటితోనే.

మధ్యాహ్నం రెండు, మూడు మధ్య లక్నవరం, ఆ రాత్రి బస అక్కడే. పెద్ద రోడ్డు మీదికి తిరిగి వచ్చి, చల్వాయి దగ్గర కుడికి తిరిగి బుస్సాపూర్ మీదుగా లోపలికి వెళ్ళాలి. వేలాడే వంతెన మీద నుంచి దీవిలోకి నడిచి వెళ్ళాలి. వంతెన ఊగుతుంది, అది సహజం. జనం తక్కువ ఉన్నప్పుడు అమ్మను మధ్యలో నడిపించండి. బాబును ఎత్తుకోవద్దు, చేయి పట్టి నడిపించండి. ఎత్తుకుంటే మీకు ఊపు తట్టుకోవడానికి చేయి మిగలదు. బోటు ఎక్కితే నాలుగేళ్ళ బాబుకు సరిపోయే చిన్న లైఫ్ జాకెట్ ఉందా అడగండి. పెద్దవాళ్ళది వేసి తాడు కడితే నీళ్ళలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారతాడు. చిన్నది లేకపోతే బాబు, అమ్మ ఒడ్డున ఉంటారు, మీరు పాపను తీసుకుని వెళ్ళి రండి. ఉరుము వినిపిస్తే బోటు వద్దు, వంతెన మీద ఉన్నా త్వరగా దాటి గదిలోకి వెళ్ళిపోండి. చెట్ల కింద నిలబడకండి.

పర్యాటక శాఖ గదులు లక్నవరంలో ఉన్నాయి, తాడ్వాయిలోనూ ఉన్నాయి. వారాంతాలకు ముందే నిండిపోతాయి. గది తీసుకునేటప్పుడు వరదకు దారి మూస్తే డబ్బు సంగతి ఏమిటో అడిగి పెట్టుకోండి. డబ్బు పోతుందన్న బాధతోనే చాలామంది బయల్దేరతారు.

ఇక బొగత. ఆదివారం పొద్దున ఏడింటికల్లా మూడు సంగతులు అడగండి. రాత్రి ఎక్కడ వాన పడింది, జలగలంచ దగ్గర దారి ఎలా ఉంది, బొగతలో లోపలికి వదులుతున్నారా. మూడింటిలో ఒక్కదానికి జవాబు బాగా లేకపోయినా వెళ్ళవద్దు. బాగుంటే ఎనిమిదింటికల్లా బయల్దేరితే పదింటికి చేరతారు, మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడి నుంచి కదలాలి. అప్పుడు చీకటి పడకముందే అడవి దాటి, ఏడింటికల్లా ఇల్లు చేరతారు.

బొగత ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. అందుకే తెలంగాణ నయాగరా అంటారు. ఆ నీళ్ళు ఛత్తీస్‌గఢ్ కొండల నుంచి వస్తాయి. అంటే మీకు ఎదురుగా కనిపిస్తున్న ప్రవాహాన్ని నడిపే వాన మీకు కనిపించని చోట, వేరే రాష్ట్రంలో పడుతోంది. జలపాతం ముందు నిలబడ్డప్పుడు మీరు ముగ్గురు పెద్దవాళ్ళున్నారు కదా, ఒకరు ఫోన్ పక్కన పెట్టి నీళ్ళనే చూస్తూ ఉండాలి. చూడాల్సినవి ఇవి: తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడటం, ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, ఇంతసేపు కనిపించిన బండ ఒకటి మునిగిపోవడం, హోరు ఒక్కసారిగా లోతుగా మారడం. ఏ ఒక్కటి కనిపించినా సామాన్లు కూడా ఏరుకోకుండా పైకి నడవాలి. మీకు దొరికేది కొన్ని నిమిషాలే.

2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర ముత్యాలధార చూడ్డానికి వెళ్ళిన సుమారు 80 మంది అలాగే చిక్కుకున్నారు. వెళ్ళేటప్పుడు దాటిన వాగు వచ్చేటప్పటికి దాటలేనంత పొంగింది. రాత్రంతా అడవిలో, వానలో ఉంటే విపత్తు దళం వాళ్ళు వచ్చి బయటికి తెచ్చారు. వాళ్ళు ప్రాణాలతో వచ్చారు, అది అదృష్టం. పిల్లలతో ఉన్నప్పుడు వాగు దాటి వెళ్ళాల్సిన ఏ జలపాతానికీ ఈ నెలల్లో వెళ్ళకండి. ఎవరైనా గైడ్‌నంటూ "లోపల ఇంకో మంచి జలపాతం ఉంది" అన్నా వెళ్ళకండి.

నీళ్ళలో దిగే సంగతి. వరద ఎక్కువ ఉన్నప్పుడు అటవీ శాఖ వాళ్ళే లోపలికి రానివ్వరు, తగ్గాక రానిచ్చినా నీళ్ళలోకి దిగనివ్వరు. కంచె పక్క నుంచి దూరి వెళ్ళే కుర్రాళ్ళు ప్రతి ఆదివారం కనిపిస్తారు. వాళ్ళను చూసి మీ పాప అడుగుతుంది. అప్పుడు చెప్పడానికి కారణాలు మీ దగ్గర ఉండాలి. జలపాతం పడే చోట నీళ్ళు తెల్లగా నురుగుగా ఉంటాయి, అందులో సగం గాలి. అందులో మనిషి మామూలు నీళ్ళలో తేలినట్టు తేలడు, ఈత వచ్చినవాడూ కిందికి పోతాడు. అడుగున సుడి లోపలికి లాగుతుంది. బండల మీద పాకురు ఉంటుంది, నీళ్ళు తగ్గిన చోట అది ఇంకా ఎక్కువ జారుతుంది. మీ అమ్మకు మెట్లు కష్టమైతే పైనే కూర్చోబెట్టి ఒకరు తోడుండండి. హోరు అక్కడిదాకా వినిపిస్తుంది. గాలితో వచ్చే సన్నటి తుంపర ఆమె మొహం మీద పడినా ఆమెకు చాలు. నా కారులో వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది అదే గుర్తు చేసుకుంటారు.

ఆరోగ్యం విషయంలో ఒక్కటి మరవకండి. అది మలేరియా ఉండే ఏజెన్సీ ప్రాంతం. సాయంత్రం నుంచి పిల్లలకు నిండు చేతుల బట్టలు, దోమల క్రీము వాడండి. ఇంటికి వచ్చిన రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా రక్త పరీక్ష చేయించి, ఏటూరునాగారం వైపు వెళ్ళొచ్చామని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. కరీంనగర్‌లో డాక్టర్‌కు ఆ ఆలోచన వెంటనే రాకపోవచ్చు. పాము కాటు వేస్తే కట్లు కట్టడం, కోయడం ఏమీ చేయవద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి ములుగులో గానీ ఏటూరునాగారంలో గానీ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంబులెన్స్ 108, మిగతా దేనికైనా 112.

ఆదివారం పొద్దున బొగత కుదరకపోతే ఆ రోజు వృథా అవుతుందనుకోకండి. లక్నవరంలో పొద్దున ఆరింటికి పొగమంచు నీటి మీద నుంచి లేస్తుంటే దీవులు ఒక్కొక్కటే బయటపడతాయి. అది చూశాక తీరిగ్గా టిఫిన్ చేసి హన్మకొండ వచ్చి వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. బొగతకు అక్టోబర్‌లో రండి. నీళ్ళు అప్పటికీ ఉంటాయి, తేటగా ఉంటాయి, పిల్లలకు జలపాతం అడుగున రాయి కూడా కనిపిస్తుంది.

శుక్రవారం రాత్రి గది ఉన్న చోటికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "చెరువు మత్తడి దుంకుతోందా, బుస్సాపూర్ దారి తెరిచే ఉందా?" దుంకుతోంది, దారి బాగుంది అంటే నిశ్చింతగా రండి. దారి మీదికి నీళ్ళొచ్చాయంటే మాత్రం ఇంకో వారం ఆగండి.